తోటకీ ఊరికీ ఒక్క బండే అయితే: పాత థార్ స్థానంలో ఏ ఫోర్ బై ఫోర్ కొనాలి?

పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి) అమ్మేసి కొత్తది తీసుకుందామనుకునేవాళ్లు చాలామంది మొదట అడిగేది "పవర్ ఎంత?" అని. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. ముందు తేల్చుకోవాల్సినవి రెండే. మీరు వెళ్లే దారిలో అన్నిటికంటే అధ్వానమైన ముక్క ఎలా ఉంటుంది? వెనక సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు? ఈ రెండిటికీ ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకుంటే షోరూముల్లో ఉన్నవాటిలో సగం బండ్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ఊరికే గాల్లో మాట్లాడడం ఎందుకు, మా బావగారి లెక్కే తీసుకుందాం. ఉండేది నర్సీపట్నంలో. కొండ దిగువన జీడిమామిడి తోట ఉంది. ఇన్నాళ్లూ మొదటి తరం థార్ వాడారు, సీఆర్‌డీఈ అనే డీజిల్ ఇంజనుది. 2010లో మహీంద్రా తెచ్చిన మోడల్ అది. వెనక కమాను పట్టీలు, ఎదురెదురు బెంచీలు, పేరుకే ఏసీ. ఎక్కడికైనా వెళ్లి వచ్చేది, అందులో అనుమానం లేదు. కానీ ఇప్పుడు వారం వారం విశాఖ వెళ్లాలి. మా అక్క, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య. హైవే మీద ఆ బెంచీ మీద కూర్చుని రావడం ఆవిడ వల్ల కాదు. మరోపక్క తోట దారి మారలేదు. తారు రోడ్డు అయిపోయాక ఎర్రమట్టి పుంత, మధ్యలో ఒక వాగు, వాగు దాటగానే నిట్టనిలువు గట్టు. ఎండాకాలంలో ఆ దారిన ఆటో కూడా వెళ్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం ట్రాక్టర్లే ఆలోచిస్తాయి.

ఇలాంటి అవసరమే మీదీ అయితే ఈ పోలిక మీకు పనికొస్తుంది.

అసలు ఫోర్ బై ఫోర్ కావాలా?

మీ బండి ఎప్పుడు, ఎలా ఆగిపోయిందో గుర్తు తెచ్చుకోండి. కింద రాయి తగిలి ఆగితే లోపం గ్రౌండ్ క్లియరెన్స్‌ది. చక్రాలు బురదలో గిర్రున తిరుగుతూ దిగబడిపోతే ముందు టైర్ల సంగతి చూడాలి, ఆ తర్వాతే ఫోర్ బై ఫోర్. అరిగిపోయిన రోడ్డు టైర్లతో ఫోర్ బై ఫోర్ వేస్తే రెండు చక్రాలకు బదులు నాలుగూ జారతాయి, అంతే. ఏడాదికి ఒకట్రెండుసార్లు లంబసింగి పొగమంచు చూడ్డానికి వెళ్లడం, బంధువుల పొలానికి వెళ్లడం, ఇవే మీ అవసరాలైతే ఎత్తుగా ఉండే మామూలు టూ వీల్ డ్రైవ్ బండి చాలు. ఆ మిగిలే డబ్బు తక్కువేం కాదు.

నిజంగా కావాలి అని తేలితే మాత్రం లో రేంజ్, అంటే బండిని బాగా నెమ్మదిగా, ఎక్కువ లాగుడు బలంతో నడిపే అదనపు గేరు, ఉన్నదే తీసుకోండి. ఆల్ వీల్ డ్రైవ్ అని అమ్మే కొన్ని ఎస్‌యూవీల్లో లో రేంజ్ ఉండదు. మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ అలాంటిదే. వాన పడ్డ ఘాట్ రోడ్డుకు, చిత్తడిగా ఉన్న మట్టి రోడ్డుకు అది మంచి బండి. వాగు గట్టుకు కాదు.

లో రేంజ్ విలువ ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు బాగా తెలుస్తుంది. తడిసిన ఎర్రమట్టి ఏటవాలు మీద బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు పట్టు వదిలేస్తాయి, బండి తన ఇష్టం వచ్చిన వైపు జారుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా బురద మీద అది చేయగలిగింది కొంతే. అదే 4ఎల్‌లో (ఫోర్ బై ఫోర్ లో రేంజ్), ఫస్ట్ గేరులో వేసి రెండు పాదాలూ పెడళ్ల మీంచి తీసేయండి. ఇంజను ఒకే శ్రుతిలో మూలుగుతూ బండిని పట్టుకుంటుంది. మనిషి నడక కంటే నెమ్మదిగా, నాలుగు చక్రాలూ తిరుగుతూనే కిందికి దిగుతుంది. స్టీరింగు మీ మాట వింటుంది. మా బావగారి గట్టు మీద ఇది ఒక్కసారి చూస్తే చాలు, లో రేంజ్ లేని బండి వైపు మళ్లీ చూడరు.

ఇంకో మాట. కింద పోల్చబోయే మారుతి జిమ్నీ, మహీంద్రా వాళ్ల థార్, థార్ రాక్స్, స్కార్పియో-ఎన్, ఫోర్స్ గూర్ఖా, ఇసుజు వీ-క్రాస్, ఇవన్నీ పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్ బండ్లే. ముందు, వెనక ఇరుసుల మధ్య వేగంలో తేడాను సర్దే సెంటర్ డిఫరెన్షియల్ వీటిలో ఉండదు. అందుకే పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పకూడదు. స్టీరింగు బిగుసుకుంటుంది, గేరు భాగాల మీద భారం పడుతుంది. "హైవే మీద సేఫ్టీకి ఫోర్ వీల్‌లో నడుపుతాను" అనేవాళ్లు కనబడితే దయచేసి ఆపండి.

జిమ్నీ: తక్కువ బరువే దాని బలం

మారుతి పాత ఫోర్ బై ఫోర్ జిప్సీ పోయాక ఏర్పడ్డ ఖాళీలోకి 2023 జూన్‌లో ఐదు డోర్ల జిమ్నీ వచ్చింది. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, 105 పీఎస్ పవర్, 134 ఎన్ఎం టార్క్ (లాగుడు బలం). కాగితం మీద చూస్తే నీరసంగా ఉంటుంది. కానీ బండి బరువు సుమారు 1,200 కిలోలే. మిగతావాటితో పోలిస్తే అర టన్ను పైగా తక్కువ. బురదలో ఈ తేడా ఎంత పని చేస్తుందో చాలామంది గ్రహించరు. బరువైన బండి పైపొరను చీల్చుకుని కిందికి దిగిపోయే చోట జిమ్నీ పైపైన దాటేస్తుంది. ఒకవేళ దిగబడినా నలుగురు మనుషులు, ఒక తాడు ఉంటే బయటకు వస్తుంది. వెడల్పు 1,645 మిల్లీమీటర్లు. రెండు వైపులా కంచె ఉన్న పుంతలో, ఏజెన్సీ ఊళ్ల సందుల్లో ఇది వరం. ముందూ వెనకా గట్టి ఇరుసులు, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, గాల్లో తిరిగే చక్రానికి బ్రేకు వేసి రెండో చక్రానికి శక్తి పంపే ఏర్పాటు. ఇవన్నీ, ఆరు ఎయిర్‌బ్యాగులతో సహా, కింది రకం నుంచే వస్తాయి. ఈ విషయంలో మారుతిని మెచ్చుకోవాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. సీట్లు నాలుగే. వెనక సీట్లు నిలబెట్టి ఉంటే సామాన్ల చోటు 208 లీటర్లు, అంటే రెండు బ్యాగులు. నలుగురితో, ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కితే సెకండ్ గేరులో ఇంజను అరుస్తూనే ఉంటుంది. ఆటోమేటిక్‌లో గేర్లు నాలుగే కాబట్టి ఆ అరుపు ఇంకొంచెం ఎక్కువ. ట్యాంకు 40 లీటర్లు. లోపలికి వెళ్లేటప్పుడు బంకు ఎక్కడుందో ముందే చూసుకోవాలి.

"జిమ్నీ బాగానే ఉంది గానీ బావా, అమ్మని ఎక్కడ కూర్చోబెట్టమంటావు?" అన్నారు మా బావగారు. ఐదుగురున్న ఇంటికి నాలుగు సీట్ల బండి ఎంత మంచిదైనా కుదరదు. భార్యాభర్తలిద్దరే ఉండి, లేదా ఇంట్లో ఇంకో కారు ఉండి, వారాంతాల్లో అడవి అంచు దారులు తిరిగేవాళ్లైతే నేను ఇంకో బండి పేరు కూడా చెప్పను. జిమ్నీయే.

మూడు డోర్ల థార్

2020 అక్టోబరు 2న వచ్చిన రెండో తరం థార్ పాతదానికి పేరులోనే వారసుడు. 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటే వీలు, పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) వల్ల గట్టు నెత్తిన కడుపు ఆనకుండా దాటే కోణం. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదుకు నాలుగు స్టార్లు. 2.2 లీటర్ల డీజిల్ ఫోర్ బై ఫోర్ తోట పనికి సరైన జోడు. కొనేటప్పుడు ఒక్కటి జాగ్రత్త. 1.5 డీజిల్ రకం చవకగా కనిపిస్తుంది, అది వెనక చక్రాలకు మాత్రమే శక్తి ఇచ్చేది. బయటకు చూస్తే తేడా తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఫోర్ బై ఫోర్ లీవర్ ఉందో లేదో చూసి గానీ అడ్వాన్సు ఇవ్వకండి.

వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటు వంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను అలా దూరమనడం న్యాయం కాదు. ఇంట్లో అదే ఒక్క బండి అయితే వద్దు.

రాక్స్

థార్ రాక్స్ 2024 ఆగస్టు 15న వచ్చాక ఈ లెక్కంతా మారింది. ఐదు డోర్లు, ఐదు సీట్లు, 447 లీటర్ల డిక్కీ. 2024 నవంబరులో భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు స్టార్లు. ఫోర్ బై ఫోర్ డీజిల్‌లోనే ఇస్తున్నారు, పెట్రోలులో లేదు. ఆటోమేటిక్‌తో అయితే 175 పీఎస్, 370 ఎన్ఎం. వెనక రెండు చక్రాలకూ శక్తి పంచే డిఫరెన్షియల్‌కు ఎలక్ట్రానిక్ లాక్ ఉంది.

ఈ లాక్ గురించి కొంచెం చెప్పాలి. వాగులోంచి గట్టు ఎక్కేటప్పుడు ట్రాక్టరు చక్రాల గాడి ఒకవైపు లోతుగా ఉంటుంది. బండి వంకరగా వాలి, ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం గాల్లోకి లేస్తాయి. మామూలు డిఫరెన్షియల్ ఎటు సులువుగా తిరిగితే అటే శక్తిని పంపుతుంది. గాల్లో ఉన్న ఆ రెండు చక్రాలూ గిర్రున తిరుగుతాయి, నేల మీదున్నవి కదలవు. ఫోర్ బై ఫోర్ ఉండి కూడా బండి నిలబడిపోయేది ఇక్కడే. లాక్ నొక్కితే వెనక రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి, నేల మీదున్న చక్రం బండిని తోస్తుంది. వేగంగా ఉరికించి ఎక్కించాల్సిన అవసరం ఉండదు. బండ్లు పాడయ్యేది ఆ ఉరికించడంలోనే.

రాక్స్‌కు లోటు ఏమిటంటే పొడవు. వీల్‌బేస్ 2,850 మిల్లీమీటర్లు, మూడు డోర్ల థార్ కంటే 400 ఎక్కువ. ఎత్తైన గట్టు నెత్తిన కడుపు తగిలే కోణం సుమారు 27 డిగ్రీల నుంచి 23.9కి పడిపోయింది. వెడల్పు 1,870. అంటే ఇరుకు పుంతలో అద్దాలు మడుచుకోవాలి. మరో చిన్న విషయం, కానీ తోట ఉన్నవాళ్లకు చిన్నది కాదు. మొదట్లో వచ్చిన లోపలి సీట్లన్నీ తెలుపు. ఎర్రమట్టి కాళ్లతో పిల్లలు ఎక్కితే వారానికే రంగు మారుతుంది. తర్వాత ఫోర్ బై ఫోర్ రకాల్లో గోధుమ రంగు కూడా ఇచ్చారు, అదే అడగండి.

గూర్ఖా: అడవికి సరే, హైవేకి?

బురద ఒక్కటే పరీక్ష అయితే గూర్ఖాకు సాటి ఈ ధరలో లేదు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ రెండిటికీ మెకానికల్ లాకులు కంపెనీ నుంచే వస్తాయి. 233 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 700 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటే వీలు, గాలి పీల్చుకునే గొట్టం పైకప్పు దాకా. 2024లో మార్చిన మోడల్‌లో 2.6 లీటర్ల డీజిల్ 140 పీఎస్, 320 ఎన్ఎం ఇస్తుంది. మెర్సిడెస్ నుంచి వచ్చిన ఇంజను వంశం. ఐదు డోర్ల రకంలో ఏడుగురు కూర్చోవచ్చు, మూడో వరుస వాళ్లు మాత్రం వెనక తలుపులోంచి ఎక్కాలి.

"దీని సర్వీసు మన దగ్గర ఎక్కడ?" అన్న భయం అందరికీ ఉంది. అది సగం నిజం. షోరూములు తక్కువే. కానీ ఇదే ఫోర్స్ కంపెనీ ట్రావెలర్ వ్యాన్లు మన రాష్ట్రాల్లో ఊరూరా తిరుగుతున్నాయి, ఇంజను కూడా ఆ కుటుంబానిదే. ట్రావెలర్ మీద చేయి తిరిగిన మెకానిక్ దగ్గరలో ఉంటే ఇంజను గురించి టెన్షన్ పడక్కర్లేదు. బాడీ భాగాలు, లైట్లు, అద్దాల లాంటివి కావాలంటే మాత్రం ఓపిక పట్టాలి.

నేను దీన్ని మా బావగారికి ఎందుకు సూచించలేదంటే, ఆటోమేటిక్ లేదు, ఎయిర్‌బ్యాగులు రెండే, ఎక్కే మెట్టు ఎత్తు. వారం వారం హైవే మీద కుటుంబంతో తిరిగే ఇంటికి ఈ మూడూ కలిస్తే చాలా ఎక్కువ. వర్షాకాలమంతా దారి తెగిపోయే ఊళ్లో ఉంటూ, వారంలో నాలుగైదు రోజులు మట్టిలోనే తిరిగేవాళ్లకు మాత్రం ఇదే సరైన బండి. గూర్ఖాను ఫొటోల కోసం కొని విశాఖ బీచ్ రోడ్డులో తిప్పేవాళ్లను చూస్తే ఆ లాకుల మీద జాలేస్తుంది.

మిగిలినవి

స్కార్పియో-ఎన్ డీజిల్ ఫోర్ బై ఫోర్ హైవే మీద వీటన్నిటికంటే హాయి. లో రేంజ్ ఉంది, ఏడు సీట్లున్నాయి, 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు స్టార్లు ఇచ్చింది. పెద్ద కుటుంబం, ఎక్కువగా తారు రోడ్డు, అప్పుడప్పుడూ బురద అయితే రాక్స్ కంటే ఇదే మేలు. గట్లు, లోతైన గాడులు ఎక్కువైతే పొడవాటి ముందు, వెనక బంపర్లు ఖర్చు పెట్టిస్తాయి.

ఇసుజు వీ-క్రాస్ మనకు దగ్గరి బండి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారవుతుంది. ఎరువుల బస్తాలు, జీడిగింజల గోతాలు, స్ప్రే డ్రమ్ములు సొంత బండిలోనే మోసుకెళ్లేవాళ్లకు దీనికి మించింది లేదు. 1.9 లీటర్ల డీజిల్, 163 పీఎస్. పొడవు మాత్రం దాదాపు 5.3 మీటర్లు. పట్నంలో పార్కింగ్ చోటు, ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపులు రెండూ పరీక్షే. వెనక ఖాళీగా ఉంటే గుంతల మీద ఎగురుతుంది. మా బావగారికి సరుకు మోయడానికి ఊళ్లో ట్రాక్టరు దొరుకుతుంది కాబట్టి దీన్ని పక్కన పెట్టాం. హైలక్స్, ఫార్చ్యూనర్ మంచి బండ్లే గానీ ఆ ధరకు ఇంట్లో రెండు బండ్లు పెట్టుకోవచ్చు.

డీజిలా, పెట్రోలా?

బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ అంటారు, ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడూ కాసేపు ఆగకుండా, వేడెక్కి నడవాలి. రోజూ ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి బడికి మాత్రమే తిరిగే డీజిల్ బండిలో డ్యాష్‌బోర్డు మీద ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. వారానికోసారి హైవే ఎక్కే ఇంటికి ఈ బాధ ఉండదు. కొన్ని డీజిళ్లలో పొగను శుద్ధి చేసే డీఈఎఫ్ ద్రవం కూడా పోయాలి. మీరు చూస్తున్న రకంలో ఉందో లేదో షోరూములో అడిగి తెలుసుకోండి. పట్నంలో చిన్న దూరాలే ఎక్కువైతే పెట్రోలు నయం, జిమ్నీకి అనుకూలించే ఇంకో కారణం అది.

ధరల విషయం. విడుదల నాటికి ఎక్స్ షోరూమ్ ధరలు జిమ్నీకి 12.74 లక్షల నుంచి, ఐదు డోర్ల గూర్ఖాకు 18 లక్షలు, రాక్స్ ఫోర్ బై ఫోర్‌కు 18.79 లక్షల నుంచి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారడంతో ఈ అంకెలూ మారాయి కాబట్టి తాజా కొటేషన్ తీసుకోండి. లైఫ్ ట్యాక్స్, బీమా కలిపి ఆన్‌రోడ్ ఎంతో రాయించుకోకుండా బేరానికి దిగొద్దు. రెండు బండ్ల మధ్య ఎక్స్ షోరూములో కనిపించే తేడా ఆన్‌రోడ్‌కు వచ్చేసరికి పెరుగుతుంది.

టెస్ట్ డ్రైవ్ ఇలా చేయండి

ఒక్కరే వెళ్లొద్దు. వెనక సీట్లో కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. మేం అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాం. స్కార్పియో-ఎన్ ఆవిడకు బాగా నచ్చింది. రాక్స్‌లో పక్క మెట్టు మీద కాలు పెట్టి, పైనున్న పిడి పట్టుకుని ఎక్కగలిగారు. గూర్ఖాలో పక్కనుంచి ఒకరు చేయి అందించాల్సి వచ్చింది. బ్రోషర్‌లో ఈ సంగతి ఎక్కడా రాసి ఉండదు. షోరూము వాళ్లు చదునైన రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి పంపేస్తారు. గుంతల రోడ్డు మీద నడపనివ్వమని పట్టుబట్టండి. వెనక కూర్చున్నవాళ్ల తల అటూ ఇటూ ఎంత ఊగుతోందో చూడండి. లో రేంజ్ ఒకసారి వేయించి చూపించమనండి. అది ఎలా వేయాలో అమ్మే మనిషికే తెలియకపోతే అక్కడి వర్క్‌షాపుకు ఆ భాగాల మీద ఎంత పట్టుందో కూడా వాకబు చేయండి.

కొన్నాక ఖర్చు దేనికి

పైకప్పు లైట్లు, ఇనప గార్డులు తర్వాత. అసలు ఇనప గార్డుల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది, అవి చట్టవిరుద్ధం. చలానా మాట అటుంచి, గుద్దుకున్నప్పుడు దెబ్బను పీల్చుకోవాల్సిన ముందు భాగాన్ని అవి పని చేయనివ్వవు. మొదటి ఖర్చు రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే మంచి ఆల్ టెరైన్ టైర్లకు, కంపెనీ ఇచ్చిన సైజులోనే. మడ్ టైర్లు హైవే మీద హోరెత్తిస్తాయి, తడి తారు మీద పట్టు తక్కువ. రెండోది సిగరెట్ సాకెట్‌కు పెట్టే గాలి పంపు, గేజి. ఇసుకలో గాలి 18 పీఎస్ఐ దాకా దించితే టైరు పరుచుకుని బండి తేలుతుంది. మళ్లీ తారు ఎక్కేముందు నింపుకోవాలి, అందుకే పంపు. మూడోది సాగే గుణమున్న లాగుడు తాడు, దాన్ని బండికి తగిలించే రెండు షాకిల్స్. ఏ ప్రయాణమైనా ఇవి లేకుండా వద్దు.

సరదా ప్రయాణాల గురించి కూడా ఒక మాట. మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లు పాపికొండలు నేషనల్ పార్క్ అని గుర్తుంచుకోవాలి. వంజంగి, గుడిస లాంటి చోట్ల ఉన్న బాట వదిలి గడ్డి మీద టైర్లు తిప్పకండి. ఒక్క వానాకాలం చాలు, ఆ టైరు గాడే వాగుగా మారి కొండను కోసేస్తుంది. అనుమతి లేకుండా నేషనల్ పార్కులోకి బండి తీసుకెళ్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, అవ్వాలి కూడా.

మా బావగారు చివరికి రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ మాన్యువల్, గోధుమ రంగు సీట్లతో బుక్ చేశారు. పుంతలో ఒకచోట కంచె రాళ్లు రెండు వైపులా ముందుకు వచ్చి ఉన్నాయి. పాత థార్ అక్కడ సులువుగా దూరేది, ఇది దూరదు. పక్క తోట వాళ్లతో మాట్లాడి ఆ రాళ్లు ఒక అడుగు వెనక్కి జరిపించే పనిలో ఉన్నారు.